మావయ్యగారి మంచం పక్కన ఏడు నెలలు

మా మావయ్యగారి కళ్ళు పచ్చబడ్డాయని మొదట కనిపెట్టింది పాలు పోసే అబ్బాయి. 2023 ఆషాఢమాసం. రోజూ చూసే మాకెవరికీ ఆ తేడా తెలియలేదు. కామెర్లంటే మా వైపు ముందు ఆసుపత్రికి వెళ్ళరు. పసరు వేయించుకుని చప్పిడి పథ్యం చేస్తారు. మేమూ పదకొండు రోజులు అదే చేశాం. కళ్ళు ఇంకా పచ్చబడ్డాయి, ఒళ్ళంతా దురద మొదలైంది. రాత్రిళ్ళు నిద్రపట్టక, కొబ్బరి పీచు తీసుకుని వీపు రుద్దమనేవారు. జ్వరం లేదు, నొప్పి లేదు, ఆకలి మాత్రం చచ్చిపోయింది. పెద్దవయసులో నొప్పి లేకుండా వచ్చే కామెర్లని పసరుకి వదిలేయకూడదని నాకు తరవాత తెలిసింది. చదివేవాళ్ళకి ఆ ఒక్క ముక్కయినా పనికొస్తుందని ముందే చెప్పేస్తున్నాను.

అమలాపురంలో స్కానింగ్ తీసి విశాఖపట్నం వెళ్ళమన్నారు. అక్కడ తేలింది: క్లోమగ్రంథి (పాంక్రియాస్) తలభాగంలో క్యాన్సర్ గడ్డ, అప్పటికే కాలేయానికి పాకింది, ఆపరేషన్‌కి అందదు. పైత్యనాళంలో స్టెంటు అనే చిన్న గొట్టం వేస్తే కామెర్లూ దురదా తగ్గుతాయి. కీమో ఇచ్చి చూడొచ్చు గానీ 74 ఏళ్ళ ఒళ్ళు ఎంత తట్టుకుంటుందో చూడాలి. ఇక నెలల లెక్కే అన్నారు. మా ఆయన ఆ గదిలోంచి బయటికొచ్చి, బెంచీ మీద ఉన్న వాళ్ళ నాన్న పక్కన కూర్చుని, "నాళంలో రాయి అడ్డం పడిందంట నాన్నా, తీసేస్తారంట" అన్నారు.

ఆ రాయి మా ఇంట్లో ఏడు నెలలు ఉంది.

మాది అంబాజీపేట పక్కన పల్లెటూరు. కురిడీ వ్యాపారం. పండిన కాయని అటకెక్కించి, లోపలి నీరంతా ఇంకి కొబ్బరి చిప్పని వదిలేదాకా నెలల తరబడి ఆగి, అప్పుడు ఒలిపించి ఉత్తరాదికి పంపుతాం. మావయ్యగారు కాయని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపితే చాలు, ఇంకెన్ని వారాలు పడుతుందో చెప్పేసేవారు. ఇంట్లో ఆయన, అత్తయ్యగారు, మా ఆయన, నేను, పదో తరగతి చదివే మా అమ్మాయి. మా బావగారు అమెరికాలో, మా వదిన భీమవరంలో.

ఆ రాయిని కాపాడ్డానికి మేం పడ్డ పాట్లు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. రిపోర్టుల ఫైలు బియ్యం డ్రమ్ము వెనక దాచాం. చూడ్డానికి వచ్చేవాళ్ళని వీధి గుమ్మం దగ్గరే ఆపి "రాయి అనే చెప్పాం, మీరూ అదే అనండి" అని బతిమాలేవాళ్ళం. అత్తయ్యగారికి బీపీ కాబట్టి ఆవిడకి "గడ్డేనమ్మా, మంచి గడ్డే" అని చెప్పారు మా ఆయన. పిల్లకి "తాతయ్యకి గ్యాస్" అన్నాం. బావగారికి ఒక్కరికే ఫోన్‌లో అసలు పేరు. ఒకే జబ్బు మా ఇంట్లో నాలుగు పేర్లతో తిరుగుతుండేది. ఎవరి దగ్గర ఏ పేరు వాడాలో గుర్తుపెట్టుకోవాల్సింది, రోజంతా అందరి మధ్యా ఉండే నేను. ఇంతకీ మేం తీసుకెళ్ళిన ఆసుపత్రి బోర్డు మీద క్యాన్సర్ అని బారెడేసి అక్షరాలతో రాసి ఉంది. అంబాజీపేట మార్కెట్లో యాభై ఏళ్ళు రేట్ల బోర్డు చదివిన మనిషి ఆ బోర్డు చదవలేదనుకున్నాం మేం.

స్టెంటు వేశాక రెండు నెలలు బాగానే గడిచాయి. కీమో రెండుసార్లు ఎక్కించారు, తట్టుకోలేకపోతే ఆపేశారు. దసరా వెళ్ళాక నొప్పి మొదలైంది. పొట్టలోంచి వెన్నులోకి పొడిచినట్టు వచ్చేది. వెల్లకిలా పడుకోలేక, దిండు పొట్టకి అదుముకుని ముందుకి వంగి కూర్చుని, అలాగే కునుకు తీసేవారు. తరవాత లేవలేని రోజులొచ్చాయి. పెళ్ళయిన పదిహేడేళ్ళలో మావయ్యగారి ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషిని కాదు నేను. అలాంటిది ఆయనకి డైపర్ మార్చాల్సి వచ్చింది. పగలు మా ఆయన గోదాము దగ్గర ఉంటారు, అత్తయ్యగారు మనిషిని పక్కకి తిప్పలేరు. నేను మారుస్తున్నంతసేపూ మావయ్యగారు తువ్వాలు మొహం మీద వేసుకునేవారు. అయిపోయాక నేను బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసేదాకా తీసేవారు కాదు. ఆ తువ్వాలు ఇద్దరికీ సాయం చేసింది.

మళ్ళీ విశాఖ తీసుకెళ్ళాం. ఈసారి మమ్మల్ని పాలియేటివ్ కేర్ అని వేరే గదికి పంపారు. జబ్బు నయం చెయ్యలేనప్పుడు నొప్పీ బాధా తగ్గించే వైద్యం అది. అక్కడి డాక్టరమ్మ మార్ఫిన్ మాత్రలు రాసింది. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పదికి మాత్రం రెట్టింపు, నడిరాత్రి లేపక్కర్లేకుండా. దానితో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందు రోజూ తప్పకుండా వెయ్యాలంది, మార్ఫిన్ మలబద్ధకం చేస్తుంది కాబట్టి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే టైముకి వెయ్యాలని మూడుసార్లు చెప్పింది. మేం తిరిగిన మందుల షాపుల్లో ఆ మాత్ర ఎక్కడా లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అన్ని లైసెన్సులు కావాల్సి వచ్చేదని చాలా ఆసుపత్రులు దాన్ని ఉంచడమే మానేశాయంట. 2014లో చట్టం సవరించి, గుర్తింపు ఉన్న ఆసుపత్రులకి సులువు చేశారంట. మాకు దొరికిన చోటు మాత్రం విశాఖే. నెలకోసారి మా ఆయన కాగితాలు పట్టుకుని వెళ్ళొచ్చేవారు.

బావగారు ఫోన్‌లో ఒకటే గొడవ. "మత్తుమందు ఇస్తున్నారా? అలవాటైపోతే?" నెలల లెక్క అన్న మనిషికి అలవాటైతే ఏమవుతుందో నాకు అర్థం కాలేదు. పెద్దవాళ్ళు కాబట్టి పైకి అనలేదు. మాత్రలు మొదలెట్టిన మూడో రోజు రాత్రి మావయ్యగారు వెల్లకిలా పడుకుని గురక పెట్టారు. ఆ గురక విని అత్తయ్యగారు దేవుడి గదిలోకి వెళ్ళి దీపం పెట్టారు.

కార్తీకమాసంలో ఒకరోజు రాత్రి పదింటి మాత్ర ఇస్తున్నాను. "అమ్మాయ్, ఇది రాయికి వేసే మందు కాదు కదా" అన్నారు. నాకు నోట మాట రాలేదు. "బోర్డు చదివానులే. వాడు రాయి అన్నాడు, వాడి మొహం చూసి సరే అనేశాను. నాకు తెలుసని వాడితో అనకు. వాడు తట్టుకోలేడు." అని మాత్ర మింగి, అటు తిరిగి పడుకున్నారు.

నాన్నకి తెలియకూడదని కొడుకు, కొడుక్కి తెలియకూడదని తండ్రి. ఇద్దరి మాటా నా దగ్గరే. ఏడు నెలల్లో నన్ను బాగా నలిపేసింది ఇదే. అంట్లూ గుడ్డలూ ఎత్తడం దింపడం, ఇవన్నీ ఒంటికి అలుపు, ఒక పూట పడుకుంటే పోతుంది. ఎవరి దగ్గరా నోరు జారకూడదని రోజంతా బిగబట్టుకుని ఉండడం మాత్రం నిద్రలో కూడా వదిలేది కాదు. పక్కమీద వాలగానే గుండె దడ. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని. ఒకరోజు గ్యాస్ వెలిగించి పెట్టి పెరట్లోకి వెళ్ళి ఎందుకొచ్చానో మర్చిపోయాను. మా ఊరి ఆరెంపీ నీరసం అని బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్ పొడిచాడు.

ఇంకోటి కూడా రాస్తాను, దాచడానికేం లేదు. ఒక రాత్రి మావయ్యగారు "అమ్మాయ్" అని రెండుసార్లు పిలిచారు. నాకు మెలకువ వచ్చింది. వినబడనట్టు పడుకున్నాను. మూడోసారి పిలవలేదు. పొద్దున చూస్తే పక్క తడిసిపోయి ఉంది, ఆయన ఆ తడిలోనే పడుకుని ఉన్నారు. నన్నేమీ అనలేదు.

మార్గశిరంలో మా ఆయనతో పాటు నేను కూడా విశాఖ వెళ్ళాను. డాక్టరమ్మ మావయ్యగారి సంగతులన్నీ అడిగాక, "మీరు రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారమ్మా?" అంది. లెక్కపెట్టబోయి ఏడ్చేశాను. ఆవిడ కంగారుపడలేదు. టేబుల్ మీది క్యాలెండరు మా ఆయన చేతిలో పెట్టి, రాత్రులు పంచమంది. రెండు రాత్రులు నేను, రెండు ఆయన, మిగతావాటికి మనిషిని పెట్టుకోమంది. ఇది దయతో చేసే సాయం కాదు, డ్యూటీ అంది. లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే ఆవిడ ముందు నర్సుగా చేసి, తరవాత డాక్టరు చదివి, 1967లో ఇలాంటి రోగుల కోసమే ఆసుపత్రి పెట్టిందంట. నొప్పంటే ఒంటిది ఒక్కటే కాదు, మనసుదీ ఇంటి గొడవలదీ భక్తిదీ అన్నీ కలిసే ఉంటాయని చెప్పింది ఆవిడేనంట. రాయి సంగతి కూడా అడిగింది డాక్టరమ్మ. "మీరు చెప్పెయ్యక్కర్లేదు. మీకేం తెలుసుకోవాలనుంది అని ఆయన్నే అడగండి" అంది. సరేనని తలూపి వచ్చేశాం. క్యాలెండరు మాత్రం పాటించాం, రెండోది ఇద్దరం నోరెత్తలేదు.

ఆ రెండోది కురిడీలే తేల్చేశాయి.

ధనుర్మాసం. అటక మీద ఆ ఏడాది సరుకు ఇంకా ఉంది. మావయ్యగారు మా ఆయన్ని పిలిచి నాలుగు కాయలు తెప్పించుకున్నారు. కాయ ఎత్తే ఓపిక లేదు. నేను చెవి దగ్గర పట్టుకుని ఊపితే విన్నారు. "దించేయ్" అన్నారు. "ఇంకా నీరుంది నాన్నా, కురిడీ కట్టలేదు, ఇప్పుడు దించితే ధర రాదు" అన్నారు మా ఆయన. "ఉన్నంతకి కొత్తకాయ కింద పోనీ. గండేరా రకం ఎంతో గటగట రకం ఎంతో తేల్చి లెక్క మూసెయ్. నేను పోయాక నువ్వొక్కడివీ రెండు పనులు చూడలేవు."

ధర రాకుండా సరుకు అమ్మడం ఆయన జన్మలో చెయ్యలేదు. మా ఆయన ఏమీ అనకుండా లేచి గోదాములోకి వెళ్ళిపోయారు. కాసేపటికి అటక మీంచి కాయలు దొర్లుతున్న చప్పుడు వినబడింది. సాయంత్రం కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చి మంచం మీద ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. తలుపు దగ్గరికి వేసి పెరట్లోకి వెళ్ళి, తులసికోట దగ్గర చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ రాత్రి నా డ్యూటీ కాదు. తొమ్మిది గంటలు పడుకున్నాను.

ఆ తరవాత అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. సంక్రాంతి వచ్చింది. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, పదకొండు ఊళ్ళ ప్రభలు. తీర్థానికి వచ్చిన చుట్టాలందరూ మా ఇంటికీ వచ్చారు. నలభై మందికి కాఫీలు కలిపాను. ప్రతివాళ్ళూ మంచం దగ్గర నిలబడి "ఎలా ఉండే మనిషి ఎలా అయిపోయాడో" అని ఆయన వినేలాగే అనేవారు. ఒక్కరూ "నువ్వెళ్ళి తలంటుకో, గంటసేపు నేను కూర్చుంటా" అనలేదు. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలై, వీధిలో వాళ్ళే వంతులేసుకుని ఇలాంటి ఇళ్ళకి వెళ్ళే పద్ధతి ఉందని డాక్టరమ్మ చెప్పింది. 2008లో ఆ ప్రభుత్వం దీనికో విధానం కూడా చేసిందంట. మా ఊళ్ళో ఆ పని చేసింది ఎదురింటి పిన్నిగారు ఒక్కరే. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం వచ్చి, ఏ ప్రశ్నా అడక్కుండా మంచం పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసేది. నేను పోయి పడుకునేదాన్ని.

పండగ వెళ్ళిన వారానికి మా అమ్మాయి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నా పరీక్షలప్పటికి తాతయ్యది అయిపోతుందా?" అంది. లాగి చెంపమీద కొట్టాను. అదివరకు దాని మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. అది ఏడవలేదు, నన్ను చూస్తూ నిలబడింది. పక్క గదిలో ముసలాయన మూలుగుతుంటే ఫార్ములాలు బట్టీపట్టే పిల్ల అది. మార్చిలో పదో తరగతి పరీక్షలు. అది అడిగిన లెక్కే నేనూ రోజూ వేసుకుంటున్నాను: పరీక్షలు, సార్వా ధాన్యం డబ్బులు, బావగారి టికెట్టు. అది పైకి అనేసింది, అంతే తేడా.

ఆ రాత్రి దాని బడిలో గోడకి చూసిన నెంబరు గుర్తొచ్చింది, 14416. టెలీ మానస్ అంటారు, మనసులో బాధ చెప్పుకోడానికి ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టింది, ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. నూతి పక్కన నిలబడి గుసగుసగా మాట్లాడాను. పేరు చెప్పలేదు. తడి పక్క సంగతి, చెంపదెబ్బ సంగతి చెప్పాను. "తొందరగా అయిపోతే బాగుండు అనిపిస్తోందండి, నేనేం మనిషిని?" అన్నాను. "ఆయన పోవాలని కోరుకుంటున్నారా, ఈ బాధ పోవాలనా?" అని అడిగింది ఆ అమ్మాయి. రెండూ ఒకటే కదండీ అన్నాను. "మీకు అలసటలో ఒకటిగా కనబడుతున్నాయి" అంది. పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, ఎవరితోనూ అనని మాట ఒకరితో అన్నాక కడుపులో బరువు కాస్త దిగింది. పొద్దున పిల్లకి జడవేస్తూ తప్పు నాదే అని చెప్పాను. పరీక్షలయ్యేదాకా దాన్ని రోజూ సాయంత్రం పిన్నిగారి ఇంట్లో చదువుకోమని పంపాం.

ఆఖరి వారం మా వదిన వచ్చింది. తండ్రి గుక్కెడు జావ కూడా మింగలేకపోవడం చూసి, "కడుపు మాడ్చి చంపేస్తున్నారు" అని అందరి ముందూ అంది. ఆరెంపీని పిలిపించి సెలైన్ పెట్టించింది. మర్నాటికి కాళ్ళు పొంగాయి, గొంతులో గురగుర ఎక్కువైంది. విశాఖలో డాక్టరమ్మ దగ్గర ఉండే నర్సుకి వీడియో కాల్ చేస్తే, "తినక పోవట్లేదండీ, పోయే టైము దగ్గరపడింది కాబట్టి తినట్లేదు. ఆ నీళ్ళు ఒళ్ళు తీసుకోలేదు" అంది. వదిన మీద అప్పుడు మండిపోయింది నాకు. దూరాన ఉండి ఏడు నెలలు ఏమీ చెయ్యలేకపోయిన కూతురి బాధ అలా తిట్టుగా వచ్చిందని తరవాత అనిపించింది. అయినా ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

బావగారు ఐసీయూలో చేర్పించమన్నారు. నన్నెక్కడికీ తీసుకెళ్ళొద్దు అని మావయ్యగారు మా ఆయనతో ముందే అన్నారు. డాక్టరమ్మే బావగారితో ఫోన్‌లో మాట్లాడింది. వద్దనుకునే హక్కు మనిషికి ఉందని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పిందని, నాన్నగారి మాట నిలబెట్టమని. ఆయన అవతల చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత టికెట్టు తీసుకుంటానన్నారు.

మాఘంలో, అంతర్వేది తీర్థం రోజుల్లో పోయారు. ఆ రాత్రి గొంతులో చప్పుడు భరించలేకుండా ఉంది. అది మీకు వినబడినంత కష్టంగా ఆయనకి ఉండదు, పక్కకి తిప్పి తల కాస్త ఎత్తు చెయ్యండి, నోట్లో నీళ్ళు పొయ్యొద్దు అంది నర్సు. తులసి తీర్థం పొయ్యకపోతే ఎలా అని అత్తయ్యగారు ఏడిస్తే, దూది తడిపి పెదాలకి అద్దమంది. గోదావరి నీళ్ళలో దూది ముంచి వంతులవారీగా అందరం అద్దాం. తెల్లారేసరికి శ్వాస ఆగింది. బావగారి విమానం అప్పటికి ఢిల్లీలో దిగింది.

పెద్దకర్మ అయ్యాక, మిగిలిన మార్ఫిన్ మాత్రలు తిరిగి ఇచ్చెయ్యాలని విశాఖ వెళ్ళాం. పద్దెనిమిది ఉన్నాయి. మా ఆయన కాయలు లెక్కపెట్టినట్టు రెండేసి చొప్పున లెక్కపెట్టి ఇచ్చారు. డాక్టరమ్మ మా అత్తయ్యగారి నిద్ర గురించి అడిగింది. వచ్చేటప్పుడు తుని దాటాక మా ఆయన ఉన్నట్టుండి, "ఐనవిల్లి వినాయకుడి గుడికి వెళ్ళినప్పుడు నేనేం మొక్కుకున్నానో తెలుసా?" అన్నారు. నాన్నని తొందరగా గట్టెక్కించు స్వామీ, 108 కాయలు కొడతాను అని. తీర్చాలో వద్దో తెలియట్లేదు, తీరిస్తే నాన్న పోయినందుకు కాయ కొట్టినట్టు ఉంటుంది అన్నారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నూతి దగ్గర నేను ఫోన్‌లో అన్న మాట అప్పుడు చెప్పాను.

ఏడాది తిరిగేదాకా గుడికి వెళ్ళకూడదు కాబట్టి ఆ సంగతి అలా ఉండిపోయింది. సంవత్సరీకాలయ్యాక ఒకరోజు మా ఆయన భోజనాల దగ్గర తల వంచుకుని అత్తయ్యగారికి చెప్పేశారు. ఆవిడ మజ్జిగ పోస్తూ ఆగారు. నేను గిన్నె అందుకోబోయాను.

"108 ఏంట్రా" అన్నారు. "నావి కూడా 108 ఉన్నాయి. రెండూ కలిపి ఒకేసారి కొట్టించు."

మర్నాడు గోదాములో కాయలు నేనే ఏరాను, ఒక్కొక్కటీ ఊపి చూసి.